ఆ గది దగ్గర ఆగిపోయే ప్లాను

మా సారు పోయాక చోడవరంలో ఆయన ఆఫీసు నేనే నడుపుతున్నాను. ఇనుప సామాన్ల కొట్టు మీద ఒక్క గది. ఇళ్ల ప్లాన్లు గీసి ఇవ్వడం పని. డిప్లొమా అయిన కొత్తలో మాడుగుల నుంచి బస్సులో వచ్చి, కంప్యూటరు మీద గీయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు ఆయన కంప్యూటరు మీదే పని చేస్తున్నాను.

కిందటి చెరకు సీజనులో రావికమతం వైపు పల్లె నుంచి ఒక రైతు భార్య వచ్చింది. యాభై దాటి ఉంటాయి. నాలుగేళ్ల కిందట సారు చేత ఇల్లు కొలిపించి ప్లాను గీయించుకున్నారట. అప్పుడు పని సాగలేదు. ఇప్పుడు మేడ వేసుకుంటారట.

"పాత ప్లాను నీ కాడ ఉంటాదేటమ్మా?"

"ఉంటుంది పిన్నీ. సోమవారం రండి, మేడ గీసి ఉంచుతాను."

ఫైలు దొరికింది. వసారా, నడవ, రెండు గదులు, వంటిల్లు. అన్నీ సారు గీసే పద్ధతే. వంటింటి వెనక ఉన్న సామాన్ల గది వైపు మౌసు జరిపానో లేదో బొమ్మ బిగుసుకుపోయింది. తెర మెల్లగా పాలిపోయింది. కంప్యూటరు లోపల ఫ్యాను రొద పెట్టింది.

ఆపి మళ్లీ తెరిచాను. వీధి వైపు ఎంత గీసినా ఏమీ కాలేదు. సామాన్ల గది దగ్గరికి రాగానే మళ్లీ అంతే. పనికిరాని ఫైళ్లు తుడిచేశాను. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాను. వేరేవాళ్ల ప్లాన్లు తెరిస్తే నీళ్లలా కదిలాయి. ఈ ఒక్క ఇల్లు, ఇందులో ఈ ఒక్క మూల. నాలుగోసారికి మౌసు అటు తీసుకెళ్లడానికి చెయ్యి రాలేదు. మిట్టమధ్యాహ్నం, కింద చెరకు ట్రాక్టర్లు హారన్లు కొడుతున్నాయి, అయినా లేచి లైటు వేసుకున్నాను.

చివరికి ఇంటిని ముక్కలు చేశాను. సగం బొమ్మ కొత్త ఫైలులో పెట్టి చూశాను. బాగుంది. రెండో సగంలో మళ్లీ సగం. అలా తగ్గించుకుంటూ వస్తే సామాన్ల గది తలుపు మిగిలింది. ఒక గీత, ఒక వంపు కలిపి ఒకే బొమ్మ, అంతే. దాని చుట్టూ పెట్టె గీసి, ఎన్ని ఉన్నాయో లెక్క చెప్పమన్నాను. తెర చాలాసేపు ఉలకలేదు. తర్వాత కింద అంకె పడింది. అరవై అయిదు వేల అయిదు వందల ముప్పై ఆరు. అన్ని తలుపులు, ఒకదానిమీద ఒకటి, వెంట్రుకవాసి కూడా జరక్కుండా.

అప్పుడు అర్థమైంది. ఒక తలుపును పట్టుకుని ఉన్నచోటే ఇంకోసారి పెడితే రెండవుతాయి. ఆ రెండింటినీ పట్టుకుని మళ్లీ పెడితే నాలుగు. పదహారు సార్లు పెడితే ఈ లెక్క వస్తుంది.

పక్షవాతం వచ్చాక సారుకి మతిమరుపు పట్టింది. ఇంట్లో నిలవడం లేదని వాళ్లావిడ పొద్దున్నే ఆటోలో తెచ్చి ఆఫీసులో కూర్చోబెట్టేది. పాత ఫైళ్లు తెరుచుకుని ఏదో చేసుకునేవారు. ఉండుండి నా వైపు తిరిగేవారు.

"ఆ గదికి తలుపెట్టేనేటమ్మా?"

ఏ గదో చూడకుండానే "పెట్టేరు సార్" అనేదాన్ని. కాసేపటికి మళ్లీ అదే ప్రశ్న. ఒక్కసారైనా లేచి వెళ్లి ఆయన తెర చూడలేదు. అంకె ముందు కూర్చుని ఏడ్చాను. తర్వాత ఒకదానిమీద ఒకటి ఉన్నవన్నీ తీసేశాను. ఒక్క తలుపు మిగిలింది. బొమ్మ హాయిగా కదిలింది.

సోమవారం ఆవిడ వచ్చింది. మేడ చూపించి అడిగాను.

"పిన్నీ, ఈ సామాన్ల గది తలుపు ఇలా లోపలికే తెరుచుకుంటుందా?"

"దానికి తలుపెక్కడిదమ్మా? ఉట్టి గుమ్మమే."

నేను తెర వైపు చూశాను. ఆవిడ గొంతు తగ్గించింది.

"కొలిసిన్రోజు మీ సారు ఆ గుమ్మం కాడ సానాసేపు నిలబడిపోయేడు. మంచినీల్లిస్తే తీసుకోలేదు. 'లోపల్నుంచి ఎవులో సూస్తన్నారు, దీనికి తలుపెట్టించండమ్మా' అన్నాడు. లోపల ఎరువు బస్తాలు తప్ప ఏటీ లేవు. మా ఆయన నవ్వేడు. నాను నవ్వలేకపోయేను. మీ సారు ముకం అలాగుంది."

నాలుగేళ్ల కిందట సారుకి ఏ జబ్బూ లేదు. సాయంత్రం దాకా పని చేసి, స్కూటరు మీద ఇంటికి వెళ్లే మనిషి. ఆ రోజు సంగతి నాతో ఒక్క ముక్క అనలేదు.

"లేని తలుపు ప్లానులో ఉండకూడదు పిన్నీ. తీసేయమంటారా?"

ఆవిడ తెర మీద ఆ చిన్న వంపును వేలితో తాకింది. "ఉంచీమ్మా. పెట్టించేస్తాం."

వానలకి ముందే శ్లాబు వేశారు. మెట్ల కొలత తేడా వచ్చిందని పిలిస్తే వెళ్లాను. వంటింటి వెనక వేపచెక్క తలుపు, ఇంకా రంగు వెయ్యలేదు, బయట గడియ పెట్టి ఉంది.

"లోపలికి సూస్తావేటి?" అందావిడ.

"వద్దు పిన్నీ."

పెరటి వైపు మెట్లు కొలుచుకుని వంటింట్లోంచే బయటికి రావలసి వచ్చింది. ఆ తలుపు వైపు వీపు తిప్పలేక, గోడ పట్టుకుని పక్కవాటుగా నడిచి వచ్చేశాను.