క్లచ్ ప్లేటుకు కాపలా

ఎనభైల మొదట్లో మావారు ఓ సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. ఉక్కు ప్లాంటులో ఇంజనీరు కదా, యంత్రాల సంగతి తనకు తెలుసన్న ధీమా. ఏడాది తిరక్కుండానే క్లచ్ జారడం మొదలైంది. ఇంజను అరుస్తుంది, బండి కదలదు. మా ఊరి పవర్ హౌస్ బజారు దుకాణాల్లో కొత్త క్లచ్ ప్లేటు దొరకలేదు. మావారి స్నేహితుడొకాయన రాయ్‌పూర్ వెళ్తుంటే బతిమాలి తెప్పించుకున్నాం. దాన్ని వారం రోజులు బీరువాలో నా పట్టుచీరల పక్కన దాచాను.

మెకానిక్ శ్రీకాకుళం వైపు మనిషి. కోహ్కాలో కాపురం, హథ్‌ఖోజ్‌లో ఓ చిన్న కార్ఖానాలో పని. సెలవు పెట్టి ఇలా ఇళ్ళకొచ్చి బళ్ళు బాగుచేసేవాడు. మొదటి రోజు మావారి ఎదుటే కారును చెక్క దిమ్మల మీదికెత్తి గేరుబాక్సు దించేశాడు. మర్నాడు మావారికి పొద్దుటి షిఫ్టు. వెళ్తూ వెళ్తూ గొంతు తగ్గించి, "వాణ్ణి ఓ కంట కనిపెట్టి ఉండు. కొత్తది నొక్కేసి పాతది బిగించేసినా మనకేం తెలుస్తుంది, అంతా లోపలే కదా" అన్నారు.

నేను వరండాలో బియ్యం చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అవి అప్పటికే ఏరిన బియ్యం.

అతను వచ్చి కొత్త ప్లేటు అడిగి తీసుకున్నాడు. దాని నడిమి రంధ్రంలో వేలుపెట్టి తిప్పి చూశాడు. తువ్వాల్లో చుట్టి సైకిలు వెనక కట్టాడు.

"ఎక్కడికయ్యా?"

"హథ్‌ఖోజ్ ఎల్లి వచ్చేత్తానమ్మా. గంట."

"మరి ప్లేటెందుకు?"

"కొలత కావాలమ్మా."

నేను ఇంకో మాట అనేలోపే సైకిలు మలుపు తిరిగిపోయింది. కొలత కావాలంటే కాగితం మీద రాసుకోవచ్చుగా? గోడ అవతలి నుంచి పక్కింటావిడ, దుర్గ్ ఊరి మనిషి, అంతా చూసింది. "అరే భాభీ, నయా మాల్ దే దియా?" అని బుగ్గ నొక్కుకుంది. కొత్త సరుకు వాడి చేతికిచ్చేశావా అని ఆవిడ ఆశ్చర్యం.

గంట రెండున్నర గంటలైంది. తిరిగొచ్చి ప్లేటు మెట్టు మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి పెరటి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. నేను గబగబా దిగి ప్లేటు చూశాను. కొత్తదే. కానీ మా కొత్తదేనా? ఒక్క గుర్తైనా పెట్టుకోలేదే! అతని సంచీ పక్కనే ఉంది. ఏమనిపించిందో, తాడు విప్పి చెయ్యి పెట్టాను. గుడ్డలో చుట్టిన గట్టి వస్తువేదో తగిలింది. విప్పితే నున్నగా చిత్రికపట్టిన కర్ర, ఒక కొస సన్నగా ఉంది.

తలెత్తేసరికి అతను ఎదురుగా నిలబడి ఉన్నాడు. చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"సెక్కముక్కమ్మా అది" అన్నాడు మెల్లగా. "ప్లేటు సరిగ్గా నడిమికి కూకోవాలంటే ఇది దూర్చి బిగించాల. ప్లేటు కన్నంలో పట్టేలాగ మా కార్కానా మిసన్ మీద తిప్పించాను."

కర్ర అందించాను. అతను దాన్ని ప్లేటులో గుచ్చి ఇంజనుకు ఆనించి, పైమూత బోల్టులు ఒక్కొక్కటే బిగించి, కర్ర లాగేశాడు. తర్వాత గేరుబాక్సును జాకీ మీద పెట్టి, కారు కిందికి దూరి మెల్లగా ముందుకు తోశాడు. ఇంజనుకూ దానికీ మధ్య అంగుళం సందు మిగిలిపోయింది. ఎంత కదిపినా పోలేదు.

"ఇది మా ప్లేటేనా?" అనేశాను.

కారు కింద నుంచే మాట్లాడాడు.

"బోల్టులేసి లాగీమంటే లాగెత్తాను. గేరుబాక్సుకి బోల్టులు పట్టే సెవులిరిగిపోతాయి. లోపలి పళ్ళు కలవనేదంతే. కొంచెం సాయం పట్టండమ్మా. గేరులో ఎట్టాను, గేరుబాక్సు ఎనకాల ఆ గుండ్రంది మెల్లగా తిప్పండి."

కొంగు దోపుకుని కారు పక్కన కూలబడి చెయ్యి లోపలికి పెట్టాను. అంతా గ్రీజు. కొంచెం తిప్పాను, ఇంకొంచెం. అతను అటునుంచి తోస్తున్నాడు. ఉన్నట్టుండి ఏదో మెత్తగా జారి, టక్కున ఆనుకుంది. సందు మూసుకుపోయింది.

మధ్యాహ్నం మావారు వచ్చి కారు తీసి వీధి చివరిదాకా వెళ్ళొచ్చారు. మొహం విప్పారింది. దిగుతూనే నావైపు తిరిగి, "అన్నీ చూసుకున్నావుగా?" అన్నారు. అతను అక్కడే ఉన్నాడు. సంచీ తెచ్చి వరండాలో బోర్లించాడు. స్పానర్లు, టిఫిన్ డబ్బా, చెక్కముక్క గలగలమంటూ నేల మీద పడ్డాయి.

"సూసుకోండి" అన్నాడు.

"అయ్యో, వద్దు బాబూ" అన్నాను. అంటూనే ఒక్కొక్కటీ చూశాను.

ఆ క్లచ్ మేం కారు అమ్మేదాకా పనిచేసింది. బండికి ఏ చిన్న పని వచ్చినా అతనికే కబురు పంపేవాళ్ళం. ఖాళీ లేదని చెప్పించేవాడు. నిజంగానే ఖాళీ లేదేమోలే అనేవారు మావారు. నేను నమ్మలేదు.