లోర్నా మింగేసిన మాట

చలికాలం పొద్దున్నే చెత్త డబ్బా బయట పెట్టడానికి ఇంటి పక్కగా నడుస్తుంటే, గోడలోని గొట్టంలోంచి డ్రయ్యర్ ఆవిరి నా ముఖానికి కొడుతుంది. కింద బేస్‌మెంట్లో ఉండే స్టూడెంట్ పిల్లలెవరో బట్టలు ఆరబెట్టుకుంటూ ఉంటారు. మంచు మీదుగా వచ్చే ఆ వేడి నూలు వాసన తగలగానే నా కాళ్ళు ఆగిపోతాయి. పన్నెండేళ్ళు ఆ వాసనలోనే అన్నం తిన్నాను. దాని వెనకే లోర్నా కనిపిస్తుంది, చంకలో ప్యాడ్, చెవి మీద పెన్ను. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. ఫిలిప్పీన్స్ మనిషి, పొట్టిది, నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి. నాకు అక్షరాలు వచ్చాయంటే ఆమె వల్ల. ఆమెకు నేనేం చేశానో కూడా చెప్పాలి. అది చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను.

నేను జగిత్యాల వైపు బీడీలు చుట్టినదాన్ని. బడి గడప తొక్కలేదు. మా ఆయన పోయాక మా అమ్మాయి నన్ను కెనడాకు, ఈ కేంబ్రిడ్జ్ ఊరికి తెచ్చుకుంది. ఇంట్లో ఊరికే కూర్చోమంటే నాకు పిచ్చెక్కింది. ఆసుపత్రుల బట్టలు ఉతికే లాండ్రీలో పనికి చేరాను. అక్కడ మా సూపర్‌వైజర్ లోర్నా. నాకు చదువు రాదని ఎవరికీ చెప్పలేదు. సంచులకు రంగు చీటీలు ఉండేవి. పచ్చది పిల్లల వార్డు, నీలం వృద్ధుల ఇల్లు, అలా గుర్తు పెట్టుకుని నెట్టుకొచ్చాను. ఒకరోజు రంగులు తీసేసి, అన్నిటికీ తెల్ల చీటీలు కట్టారు. ఆ రోజు చంటిపిల్లల దుప్పట్లు వృద్ధుల ఇంటికి పోయాయి.

లోర్నా నా దగ్గరకు వచ్చి ఒక సంచి పట్టుకుంది. నాకంటే చిన్నది కాబట్టి నన్ను "ఆతె నర్సా" అనేది. వాళ్ళ భాషలో ఆతె అంటే అక్క, నర్సా నా పేరు. మా మాటలు ఇద్దరికీ సగం సగం వచ్చిన ఇంగ్లీషులోనే, వాటినే ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఆతె నర్సా, దీని మీద ఏం రాసుంది?"

"కళ్ళద్దాలు తేలేదు."

"మీకు కళ్ళద్దాలే లేవు కదా!"

నాకు ఒళ్ళు మండింది, సిగ్గూ వేసింది. "అయితే పనిలోంచి తీసెయ్" అన్నాను. ఆమె తీసెయ్యలేదు. ఆ రోజు నుంచి లంచ్‌లో తన అన్నం డబ్బా నా పక్కన పెట్టుకుని, రోజుకో అక్షరం చొప్పున చీటీల మీదే నేర్పింది. నెల తిరిగాక ఒకసారి, "మీ భాషలో మీ పేరు రాసి చూపించండి, ఎలా ఉంటుందో చూస్తాను" అంది సరదాగా. నేను పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాను. సొంత భాష కూడా రాదని అప్పుడర్థమైంది ఆమెకు. నోరు తెరిచి నన్నే చూసింది. ఇంగ్లీషు రాకపోతే ఎవరూ ఆశ్చర్యపోరు. దీనికి ఆశ్చర్యపోయింది చూడండి, అప్పుడు తెలిసింది నాకు నేనేం పోగొట్టుకున్నానో.

ఆ సాయంత్రం షిఫ్టుకు సురేష్ వచ్చాడు. మా బేస్‌మెంట్లో అద్దెకుండే కాలేజీ పిల్లవాడు, నిజామాబాద్ వాడు. ఆ ఏళ్ళలో మన పిల్లలు ఎంతమంది వచ్చారంటే, ఈ ఊరి బస్సు ఎక్కితే నలుగురైనా తెలుగు మాట్లాడేవాళ్ళు కనిపించేవారు. లోర్నా వాణ్ణి పట్టుకుంది.

"మీ ఆంటీకి మీ అక్షరాలు రావట. నీకు తెలుసా?"

"తెలీదు మేడమ్."

"ఒకే ఇంట్లో ఉంటూ తెలీదా? రోజుకు పావుగంట నేర్పు. లేదంటే ఆదివారాలన్నీ నీకే షిఫ్టు."

వాడు భయపడి నేర్పాడు. అరవై దాటాక నేను అ ఆలు దిద్దాను. ఒత్తులు తప్పితే వాడు నవ్వేవాడు, "నీ అద్దె పెంచుతా" అని నేను బెదిరించేదాన్ని. ఇదంతా చూడటానికి అప్పుడప్పుడు లోర్నా మా ఇంటికి వచ్చేది. ఆమెను కారులో దింపడానికి కూతురు జెస్సా వచ్చేది. జెస్సా నర్సింగ్ చదువుకు డబ్బు కూడబెట్టుకుంటోంది. అది సురేష్‌ను చూసింది, వాడు దాన్ని చూశాడు. మిగతాది మీకు తెలిసిందే. వాడి అమ్మానాన్నలు ఫోన్లో ఏడ్చారు, తిట్టారు, చివరికి "మన పద్ధతిలో చేసుకోరా, అంతే చాలు" అన్నారు. ఆ పెళ్ళి మా ఇంటి హాల్లో చేయించింది నేనే.

పెళ్ళికి వారం ముందు అందరం కూర్చుని పసుపు కొమ్ములు కడుతున్నాం. లోర్నా మెల్లగా అడిగింది.

"ఆతె, సిటీ హాల్లో పెళ్ళి లైసెన్స్ తీసుకున్నారా వీళ్ళు?"

నేను గట్టిగా నవ్వాను. "లోర్నా, మా పెళ్ళి పంతులు చేస్తాడు, గుమాస్తా చెయ్యడు. మా అమ్మ ఏ లైసెన్స్ తీసుకుంది? మేం పుట్టలేదా?"

అందరూ నవ్వారు. సురేష్ "తర్వాత తీరిగ్గా చేసుకుంటాంలే ఆంటీ" అన్నాడు. లోర్నా ఏదో అనబోయింది. నా ముఖం వంక చూసి, తనూ నవ్వేసి, కొమ్ముకు దారం చుట్టింది. సంతకం లేకుండా ఒక్క తువ్వాలు కూడా గేటు దాటనివ్వని మనిషి ఊరుకుంది. నేను గెలిచాననుకున్నాను. నోరు పెద్దదైతే ప్రతిదీ గెలిచినట్టే ఉంటుంది.

ఆ "తర్వాత" రాలేదు. వాడికి పగలు వేర్‌హౌస్, సాయంత్రం లాండ్రీ, జెస్సాకు చదువు. మధ్యలో మీనా ఇక్కడే పుట్టింది. తల్లి ఫిలిప్పీన్స్ పౌరురాలు కాబట్టి పిల్లకు రెండు దేశాల పౌరసత్వమూ వచ్చింది. మీనాకు రెండేళ్ళు నిండేసరికి లోర్నా పని మానేసి, సొంత ఊరు వెళ్ళిపోతూ, "జెస్సా చదువు అయ్యేదాకా పిల్లను నేను పెంచుతాను" అని తీసుకెళ్ళింది. అక్కడి పాస్‌పోర్టు కూడా చేయించింది. కెనడా పిల్లగా వెళ్తే ఉండే కొద్దీ గడువు పొడిగించుకోవాలి, ప్రతిసారీ ఫీజు. వాళ్ళ పిల్లగా వెళ్తే ఆ బాధే లేదు. తెలివైన పనే అనుకున్నాం అందరం. అక్కడి నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఏం జరుగుతుందో మేం ఆలోచించలేదు.

పద్నాలుగు నెలలకు లోర్నా గుండె బలహీనపడిందని కబురు వచ్చింది. జెస్సాకు ఆసుపత్రి ట్రైనింగ్ ఆఖరి నెల, కదిలే వీలు లేదు. సురేష్, నేను వెళ్ళాం. వాళ్ళ ఊరు మనీలా నుంచి బస్సులో నాలుగు గంటలు. లోర్నా కుర్చీలో కూర్చుని ఉంది, సగమైపోయింది. మీనా ఆమెను వదలదు. తండ్రిని చూసి కుర్చీ వెనక దాక్కుంది. పది రోజులకు మెల్లగా మాలిమి చేసుకుని, టికెట్లు తీసుకుని మనీలా ఎయిర్‌పోర్టుకు చేరాం. లోర్నా రాలేదు, రాలేకపోయింది.

ముందొక కౌంటర్లో పిల్లకు ప్రయాణ పన్ను కట్టమన్నారు, కట్టాం. మాకిద్దరికీ లేదట, పిల్లకు మాత్రం ఉందట. "వింతగా ఉందే" అనుకుంటూ ఇమిగ్రేషన్ గాజు అద్దం దగ్గరకు వెళ్ళాం. లోపల చిన్న వయసు ఆఫీసరమ్మ, చాలా మర్యాదగా మాట్లాడింది.

"పాప తల్లి ఎక్కడున్నారు సర్?"

"కెనడాలో."

"మీ పెళ్ళి సర్టిఫికెట్?"

సురేష్ ఫోన్ తీసి తలంబ్రాల ఫొటో చూపించాడు. ఆమె చూసింది. "చాలా బాగుంది సర్. సర్టిఫికెట్ చూపించండి."

"ఇది నా కూతురు! నా పేరు ఉంది బర్త్ సర్టిఫికెట్లో!" అని వాడు అరిచాడు. వెనక క్యూలో జనం తిరిగి చూశారు. కెనడా పాస్‌పోర్టు కూడా పిల్లదే తీసి అద్దానికి కొట్టాడు. ఆమె కదల్లేదు. "పాప మా పాస్‌పోర్టు మీద వచ్చింది సర్. ఏడాది పైన ఇక్కడే ఉంది. వెళ్ళేటప్పుడు కూడా మా పిల్లే, మా రూలే" అని ఒక కాగితం అద్దం కిందినుంచి తోసింది. వాడు దాన్ని ముట్టుకోలేదు. నేను తీసుకున్నాను.

వేలు పెట్టి చదివాను, లోర్నా నేర్పినట్టు, ఒక్కో ముక్కా. మధ్యలో ఒక పెద్ద మాట వచ్చింది. ఇల్లె. జిటి. మేట్. నాకు తెలియని మాట. "దీని అర్థమేంటమ్మా?" అని ఆఫీసరమ్మనే అడిగాను. ఆమె సురేష్ వంక చూసి, గొంతు తగ్గించింది.

"చట్టం ప్రకారం పెళ్ళికాని తల్లిదండ్రుల బిడ్డ, మేడమ్. అలాంటి బిడ్డ మీద హక్కు తల్లిది. తండ్రి దేశం దాటించాలన్నా, తల్లి అనుమతి కాగితం, సంక్షేమ శాఖ క్లియరెన్స్ కావాలి."

ఆ పిల్ల పుట్టినప్పుడు పసిదాన్ని మొదట చేతిలోకి తీసుకున్నది నేను. మా హాల్లో మూడు ముళ్ళు పడుతుంటే అక్షింతలు వేసినదాన్ని నేను. ఆ మాట అచ్చులో, ఎవరికీ సిగ్గు లేనట్టు, వరుసలో మిగతా మాటల పక్కన నిలబడి ఉంది. చదువు రానప్పుడే బాగున్నానేమో అని, జీవితంలో ఆ ఒక్కసారి అనుకున్నాను. సురేష్ నేల మీద కూలబడ్డాడు. మీనా నా చీర కొంగు లాగుతూ, వాళ్ళమ్మమ్మ ఊరి భాషలో, ఇంటికి పోదాం అని ఏడుపు మొదలుపెట్టింది. విమానం మమ్మల్ని వదిలి పోయింది.

మళ్ళీ నాలుగు గంటల బస్సు. లోర్నా వాకిట్లోనే కూర్చుని ఉంది. పిల్ల పరిగెత్తుకుంటూ పోయి ఒళ్ళో పడింది. ఆమె మా ముఖాలు చూసి, ఏమీ అడక్కుండానే, "లైసెన్స్" అంది.

"తిట్టు లోర్నా. నాదే తప్పు. ఆ రోజు నువ్వు అడిగావు, నేను నవ్వాను" అన్నాను.

"మీది కాదు ఆతె. నాకు తెలుసు. మా రూలు ఇలాగే ఉంటుందని ఆ రోజే తెలుసు నాకు."

"తెలిసి మరి చెప్పలేదేం?"

"మీరు అక్క. అంతమందిలో అక్క మాటకు ఎదురు చెప్తామా? మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు మీరు ఎంత సంతోషంగా ఉన్నారో. పాపను తెచ్చేటప్పుడైనా చెప్పాల్సింది." మీనా జుట్టు సర్దుతూ అంది, "మింగేశాను."

ఎయిర్‌పోర్టులో తగిలిన దెబ్బ కంటే ఇది పెద్దది. నాకు అక్షరం చెప్పిన గురువు, నా నోటికి జంకి ఒక మాట దాచుకుంది. దాని ఫలితం ఈ పసిదాని నెత్తిన పడింది. ఆ రోజు నేను ఒక్క క్షణం ఆగి, "నువ్వు ఏదో అనబోయావు, ఏంటది?" అని అడిగి ఉంటే చాలు. అడగలేదు.

తర్వాత అన్నీ కాగితాలే. కెనడాలో జెస్సా నోటరీ ముందు సంతకం చేసి, వాళ్ళ కాన్సులేట్లో ముద్ర వేయించి పంపింది. సురేష్‌కు ఆ దేశంలో ఉండే గడువు అయిపోయింది, నాకింకా ఉంది. వాడు ఏడుస్తూ వెళ్ళిపోయాడు. అందుకని పిల్లకు తోడు వచ్చే మనిషిగా జెస్సా నా పేరు రాసింది. సంక్షేమ శాఖ ఆఫీసుకు మూడుసార్లు తిరిగాను. ప్రతి ఫారం ముందు లోర్నాకు చదివి వినిపించాలి, అది ఆమె పెట్టిన షరతు. నేను తప్పు చదివితే కుర్చీ చేయి మీద వేలితో కొట్టేది. పంతొమ్మిది రోజులు పట్టింది. ఆ రోజులు ఆమెకు మనవరాలితో అదనంగా దొరికాయని జెస్సా అంటుంది. నా మనసు తేలిక చేయడానికి అంటుందని నాకు తెలుసు. నాకు తేలిక కాలేదు.

రెండోసారి లోర్నా మొండికేసి వ్యానులో ఎయిర్‌పోర్టు దాకా వచ్చింది. లోపలికి రానివ్వరు, వాకిలి దగ్గరే ఆగిపోయింది. ఈసారి ఆఫీసరు వేరే అతను. కాగితాలు తిరగేసి అడిగాడు.

"పాపకు మీరేమవుతారు మేడమ్?"

"ఏమీ కాను. కాగితంలో తోడు అని ఉంది."

ముద్ర వేశాడు. కన్నతండ్రిని ఆపిన గేటు, రక్తసంబంధం లేని నన్ను వదిలింది. అటు పక్కకు చేరాక లోర్నాకు ఫోన్ చేశాను. "దాటారా?" అంది. దాటాం అన్నాను. "అయితే నేను ఇంటికి పోతాను" అంది. ఆమె నాతో మాట్లాడిన ఆఖరి మాట అదే. నెల తిరక్కుండానే పోయింది. సురేష్, జెస్సా ఇక్కడ సిటీ హాల్లో సంతకాలు పెట్టుకున్నది ఆ తర్వాత. లోర్నా చూడలేదు.

ఇప్పుడు మా బేస్‌మెంట్లో ఉండే పిల్లలు ఏదో ఒకటి అడగడానికి పైకి వస్తుంటారు. మొన్న ఒక అమ్మాయి వచ్చింది, పురిటికి ఇండియా వెళ్ళాలా వద్దా అని. నాకు వెంటనే నాలిక మీదికి పది సలహాలు వచ్చాయి. ఆపుకున్నాను. "ముందు నువ్వేమనుకుంటున్నావో చెప్పమ్మా" అన్నాను. అది తల వంచుకుని, "మీరు చెప్పండి ఆంటీ, మీరు పెద్దవారు" అంది. నేను మళ్ళీ అడిగాను. ఈసారి కూడా మాట్లాడలేదు. పెదవులు మాత్రం కదిలాయి. ఆ కదలిక నాకు తెలుసు. పసుపు కొమ్ముల ముందు చూసి కూడా వదిలేశాను దాన్ని. ఈసారి వదలలేదు. స్టవ్ ఆపి, కుర్చీ లాక్కుని, దాని ఎదురుగా కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. చివరికి అది మాట్లాడింది.