గలగలమ్మకు దొరికిన శక్తి

బేకరీలో కేకుల మీద క్రీముతో పూలు దిద్దే ఆమెను అందరూ గలగలమ్మ అంటారు. పొద్దున్నే కీళ్లవాతంతో బిగుసుకుపోయిన వేళ్లను గోరువెచ్చని నీళ్లలో ముంచి, "లేవండ్రా బద్ధకిష్టుల్లారా!" అని గదమాయించి తనే నవ్వుకుంటుంది. ఒకరోజు మరిది మూలికల మాత్రల సీసా పట్టుకొచ్చాడు. "వదినా, ఇది వాడితే రోగనిరోధక శక్తి రెట్టింపవుతుందట! ఇక డాక్టరు మందులు మానేయొచ్చు." ఆమె సంబరానికి పట్టపగ్గాల్లేవు. సీసాను ముద్దుపెట్టుకుని వంటింట్లో గిర్రున తిరిగింది. మాత్ర నోటిదాకా వెళ్లింది కూడా. అంతలో ఏదో అనుమానం పీకి డాక్టరమ్మకు ఫోన్ చేసి మాత్రల సంగతి చెప్పింది.

"ఆగు తల్లీ, మింగకు!" అందావిడ కంగారుగా. "నీకు రోగనిరోధక శక్తి తక్కువై కాదు జబ్బు. అది హద్దు మీరి నీ కీళ్ల మీదే పడుతోంది. నా మందులు దాన్ని అదుపులో పెట్టడానికే, అవి మానకు. దాన్ని ఇంకా రెచ్చగొడితే వేళ్లు వాచిపోవచ్చు. ఏ మూలికైనా సరే, నన్నడిగాకే."

గలగలమ్మ పొట్ట పట్టుకుని పగలబడి నవ్వింది. తెల్లబోయి చూస్తున్న మరిది చేతిలో సీసా పెట్టేసింది. "మరిదిగారూ, నాలో శక్తి పొంగి పొర్లుతోందట! నీక్కూడా ఓ గరిటెడు వడ్డించమంటావా?"