ఎండ లేని ఊళ్ళో పదమూడు నెలలు

ఈ మాఘమాసంలో ఒక పొద్దున నరసరావుపేటంతా పొగమంచు కమ్ముకుంది. ఏడాదికి సరిపడా కారం కొట్టించడానికి కొన్న మిరపకాయల బస్తాను నేను మేడ మీద విప్పుతుంటే, కోడలు మెట్ల దగ్గర నుంచి, “ఇయాల ఎండ రాదు మామయ్యా, రేపు ఆరబోద్దాంలే” అంది. ఆ పిల్ల తప్పుగా ఏమీ అనలేదు. కానీ ఎండ రాదనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఒకప్పుడు సముద్రాలవతల ఆ మాట విని, నమ్మకుండా, పదిమందిలో నగుబాటైనవాణ్ణి మరి.

నేను ముప్ఫై ఏళ్ళు మిర్చి కొట్టులో పనిచేశాను. కాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే గింజ గలగలమనాలి, విరిస్తే తొడిమ దగ్గర టప్పుమనాలి. మా కాలంలో కాయ ఎండిందీ లేనిదీ అలాగే తేల్చేవాళ్ళం. మా షావుకారు పెరూ దేశపు వ్యాపారులతో పొత్తు కలిసినప్పుడు, అక్కడి కాయను చూసి రకాలు విడదీయడానికి ఒక మనిషి లిమా నగరంలో ఏడాది ఉండాల్సి వచ్చి, నన్ను పొమ్మన్నాడు. అదే కొట్టులో గుమాస్తాగా ఉన్న మా పెద్దక్క మొగుడు, అంటే మా బావ, టీ గ్లాసు చేత పట్టుకుని హమాలీలందరి ముందూ, “వీడేంది, పెరూ ఏంది? సత్తెనపల్లి దాటితేనే ఇంటి మీద బెంగపడే రకం. మూణ్ణెల్లలో తిరిగొస్తాడు, రాసిపెట్టుకోండి” అన్నాడు. హమాలీలు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఈరోజు అడిగినా వరసగా చెప్పగలను.

రోహిణి కార్తె ఎండలో ఇంట్లో బయలుదేరి, మూడు విమానాలు మారి, పొట్టిచేతుల చొక్కాతో లిమాలో దిగాను. ఆకాశం తడి బూడిద రంగులో ఉంది. వాన పడటం లేదు గానీ రోడ్డూ, గోడలూ, చివరికి నా మీసాలూ తడిసిపోయాయి. మనకు ఎండాకాలం అయినప్పుడు వాళ్ళకు చలికాలమట. ఆ సంగతి నాకు చెప్పమని షావుకారు బావతో అన్నాడట, బావ మరిచిపోయాడట. మరిచిపోయాడంటే మీరు నమ్మితే నమ్మండి.

నాకు ఇచ్చిన గది ఒక పెద్దావిడ ఇంటి మేడ మీద. భర్త పోయిన మనిషి. దిగీ దిగగానే నా చేతులు వణకడం చూసి ఆయన స్వెట్టరు తెచ్చి ఇచ్చింది. పరాయివాళ్ళ బట్ట తొడుక్కోవడమేమిటని రెండు గంటలు పంతం పట్టి, పళ్ళు టకటక కొట్టుకుంటుంటే తొడుక్కున్నాను. ఆమెకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు, నాకు ఐదు వచ్చు. అక్కా అని పిలిచాను. దాని అర్థం తెలిశాక, ఇంకెలా పిలిచినా పలికేది కాదు.

వారం తిరక్కుండా పన్నెండు బస్తాల కాయ వచ్చింది. చూస్తే మెత్తగా ఉంది. నాలుగు ఎండలు చూపిస్తే చాలు, మేడ మీద పరవండన్నాను. ఈ ఊళ్ళో ఇంకో మూడు నెలలు ఎండ రాదని సరుకు పంపిన ఆఫీసువాళ్ళు మర్యాదగానే చెప్పారు. మాచర్ల ఎండల్లో పుట్టి పెరిగినవాడికి వీళ్ళా ఎండ గురించి చెప్పేది అనుకుని, నేనే బస్తాలు మోసి పరిచాను. మొదటిరోజు మంచు, రెండోరోజు మంచు. ఎనిమిదో రోజుకు కాయ మీద తెల్లగా బూజు పట్టింది. అక్క పైకొచ్చి చూసి, నవ్వకుండా, తూర్పున కొండలవైపు చెయ్యి చూపించింది. నన్ను మా దేశం పొమ్మంటోందనుకుని నాలుగు రోజులు ఆమెతో మాట మానేశాను. ఆమె మాత్రం కనబడినప్పుడల్లా అటే చెయ్యి చూపించేది.

ఆ తరువాత వచ్చిన సరుకు కూడా గదిలోనే మగ్గుతుంటే షావుకారు ఫోన్ చేశాడు. “పోనీలేరా, వచ్చెయ్. ఇంకోళ్ళని పంపుతా” అన్నాడు. ఆ వెనకాలే బావ గొంతు వినబడింది: “ఏరా బామ్మర్దీ, ఆ ఊళ్ళో సూర్యుడు గూడా నీకు మొహం చూపిచ్చట్లేదంటగా!” అప్పటికి నేను వెళ్ళి నలభై రోజులు. తిరిగొస్తే ఇన్నేళ్ళ నా చేతి పనికీ, మాటకూ ఆ కొట్టులో విలువుండదు. “ఏడాదన్నారు, ఏడాదీ ఉంటా. టికెట్టు కొంటే మీరే ఎక్కి తిరగండి” అని అరిచి పెట్టేశాను.

ఆ కేక కింది దాకా వినబడినట్టుంది. మర్నాడు ఆదివారం, అక్క నన్ను చెయ్యి పట్టుకుని బస్సెక్కించింది. కొండలవైపు గంటసేపు వెళ్ళాక ఒక మలుపు తిరిగామో లేదో, కిటికీలోంచి ఎండ ఒళ్ళో పడింది! అక్కడొక చిన్న ఊళ్ళో దిగగానే నేల మీద నా నీడ కనబడింది. నలభై రోజులకు నా నీడను నేను చూసుకుని, నడిరోడ్డు మీద నిలబడి ఏడ్చాను. ఇన్నాళ్ళూ ఆమె చెయ్యి చూపించింది ఇక్కడికేనని అప్పుడు తెలిసింది. తప్పు నాదేనని ఒప్పుకుంటున్నాను. అలా ఒప్పుకున్న సందర్భాలు నా జన్మలో ఎక్కువ లేవు.

ఆ ఊళ్ళోనే ఒక దొడ్డి అద్దెకు తీసుకుని కళ్ళం చేయించాను. అయిదో రోజు కాయను చెవి దగ్గర ఆడిస్తే గింజ గలగలమంది. పక్కనున్న అక్క చెవి దగ్గర కూడా ఆడించాను. ఏడాది నిండింది. మూడు నెలల మాట అన్న బావ కోసం పైన ఇంకో నెల కూడా ఉండి వచ్చాను. బస్టాండుకు బావే వచ్చాడు. నా పెట్టె అందుకుని, “చిక్కావురా” అన్నాడు. అంతే. పదమూడు నెలల ఊసు ఆరోజూ ఎత్తలేదు, తరువాతా ఎత్తలేదు. రెండేళ్ళ కిందట, అన్న మాట వెనక్కి తీసుకోకుండానే పోయాడు.

ఇప్పుడు తేమ చూడటానికి మీటర్లు వచ్చాయి. కాయను చెవి దగ్గర పెట్టుకునేవాళ్ళు లేరు. ఒక మాట పడితే ఏళ్ళ తరబడి నిలబడి జవాబు చెప్పేవాళ్ళూ తగ్గారు. ఈ కాలం పిల్లలు ఫోన్లో ఆ మనిషిని బ్లాక్ చేసి మరిచిపోతారు. అదేం కోపమో నాకర్థం కాదు.

కోడలు వద్దంటున్నా కాయలు పరిచి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పదకొండు దాటాక మంచు విడిపోయి, సిమెంటు గచ్చు మీద నా నీడ పడింది. కోడల్ని పిలిచి చూపించాను. చూపించాల్సింది ఆ పిల్లకు కాదు.