గాలివానలో తెరవని షెడ్డు

ఒక అబద్ధాన్ని ఏళ్లుగా మోస్తున్నాను. చిన్న మాటే. కానీ చలికాలంలో మబ్బు పట్టిందంటే ఇంట్లో ఒకచోట కూర్చోలేను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది కంబదూరు దగ్గర పల్లె. వానాకాలంలోనే వాన మొహం చూడని నేల. అలాంటిది ఆ ఏడు మార్గశిరంలో తుపాను మా దాకా వచ్చింది. ఈదురుగాలికి కరెంటు స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. రోజుల తరబడి చీకటి. బోరు ఆడక, చూరు కింద బిందెలు పెట్టి వాన నీళ్లే పట్టుకున్నాం. ఫోన్లు ఆగిపోయాయి. తాడిపత్రిలో చెల్లెలింటికి వెళ్లిన మా ఆయన ఎప్పుడొస్తాడో తెలియదు.

ఒక సాయంత్రం ఓబులేసు వచ్చాడు. మా ఊళ్లో గొర్రెలు కాచుకునే మనిషి. గోనెసంచి కప్పుకుని వాకిట్లో నిలబడ్డాడు. వెనక మంద తడిసి ముద్దయి, ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చి వణుకుతోంది.

"అక్కా, మీ పురుగుల షెడ్డు ఖాళీగానే ఉండాది కదా. గొర్రెల్ని లోపలికి తోలుకుంటా. ఈ చలికి నిలబడేట్టు లేవు."

మేం పట్టుపురుగులు పెంచిన షెడ్డు అది. నీళ్లు చాలక మల్బరీ తోట ఎండిపోయాక మూసిపెట్టాం.

"తాళంచెవి మా ఆయన తీసకపోయినాడప్పా. ఫోన్ చేద్దామన్నా కరెంటు లేదు."

"పోనీలేక్కా. నువ్వు మాత్రం ఏం చేస్తావు."

తాళంచెవి నా నడుముకే ఉంది.

ఎందుకలా అన్నాను? గొర్రెలు కంపు చేస్తాయనుకున్నాను, కడుక్కోలేననుకున్నాను. నిజమే, కానీ అది మాత్రమే కాదు. ఆ చీకట్లో మగ్గి మగ్గి, ఇక ఎవరి కోసమూ లేవకూడదన్నంత విసుగొచ్చింది నాకు. మరి అడిగింది గొర్రెలోడు కాక మా చుట్టమే అయితే? లేచేదాన్నే. గొడుగు కూడా పట్టేదాన్ని.

ఓబులేసుకు వేడి సంకటి, అందులోకి ఊరుబిండి పచ్చడి పెట్టాను. తల వంచుకుని తిని, మందను ఆ షెడ్డు గోడ చాటుకే తోలుకుపోయాడు.

తెల్లారి వెళ్లి చూశాను. గొర్రెపిల్లలన్నీ కొయ్యబారిపోయి ఉన్నాయి. పెద్దవి ఇంకా చాలా బతికే ఉన్నాయి. వాన ఆగలేదు. అసలు చెప్పాల్సింది ఇక్కడే. అప్పుడైనా తలుపు తీయొచ్చు. తీస్తే నిన్నటి మాట అబద్ధమని అతనికి తెలుస్తుంది. నా మాట నిలబెట్టుకోవడానికి, ఊపిరితో ఉన్న జీవాలను చూస్తూ చూస్తూ వదిలేసి ఇంటికొచ్చాను. వచ్చి, పాత గోనెసంచులు ఏరి తీసుకెళ్లి ఓబులేసుకు ఇచ్చాను. వాటితోనే అతను ఒక్కో గొర్రెనూ తుడుస్తూ కూర్చున్నాడు. పొద్దు వాలేసరికి మందలో సగానికి పైగా పోయింది.

వాన వెలిశాక మా ఆయన వచ్చాడు. చచ్చిన గొర్రెలను చూశాడు. షెడ్డుకున్న తాళం చూశాడు. నా నడుము వైపు చూశాడు. ఆ తాళం సంగతి ఇప్పటికీ అడగలేదు.

మిగిలినవి అమ్ముకుని ఓబులేసు పెళ్లాంబిడ్డలతో బెంగళూరుకు ఇళ్లు కట్టే బేల్దారి పనికి పోయాడు. జాతరకు వచ్చినప్పుడల్లా మా ఇంటికి రాకుండా పోడు. మొన్న కూతుర్ని తీసుకొచ్చాడు.

"ఆ గాలివానలో నాకు కడుపుకింత పెట్టిన అక్క ఈమే. కాళ్లు మొక్కు" అన్నాడు.

ఆ పిల్ల వంగింది. నేను కాళ్లు వెనక్కి తీసుకోలేదు. టీ పెడతానని వంటింట్లోకి పోయి, పొయ్యి వెలిగించకుండా నిలబడ్డాను. అతనికి తెలుసా? తెలిసే వస్తున్నాడా? తెలియదనుకుంటే ఒక బాధ, తెలుసనుకుంటే ఇంకో బాధ. చివరికి టీ కాచి తెచ్చి ఇచ్చి, చెప్పేద్దామని నోరు తెరిచాను. చక్కెర సరిపోయిందా అని అడిగాను.

ఇది ఓబులేసుకు చెప్పాల్సిన మాట. మీకు చెప్పినంత మాత్రాన అతనికి చెప్పినట్టు కాదు. క్షమించమని మిమ్మల్ని అడగను, పోయినవి మీ గొర్రెలు కావు. కానీ నేనేం చేశానో నా నోటితోనే విన్న మనిషి ఇవాళ లోకంలో ఒకరున్నారు. ఇన్నేళ్లలో ఈ ఒక్క పూటే, నన్ను నన్నుగా చూసే వాళ్లెదుట కూర్చున్నాను.