ఎనిమిదో మడత

ఆ ప్రెస్సులో అందరికీ ఆవిడ వదినే. తల నెరిసిన మిషను మేస్త్రికీ వదినే, నిన్నగాక మొన్న చేరిన గుమస్తాకీ వదినే. ఆఖరికి జీతాలిచ్చే యజమాని కూడా పిలవాల్సి వస్తే "వదినగారూ" అనే పిలుస్తాడు. ఈ వరస ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఆవిడ భర్త అక్కడ ప్రూఫులు దిద్దేవాడు. నెమ్మదస్తుడు, ఎవరి జోలికీ పోయే రకం కాదు, అందరూ అన్నయ్యా అనేవాళ్ళు. ఆయన ఒకరోజు జ్వరమని మంచమెక్కి మళ్ళీ దిగలేదు. పెళ్ళయి పట్టుమని మూడేళ్ళు కూడా కాలేదు అప్పటికి. యజమాని ఆవిణ్ణి పిలిచి బైండింగులో కూర్చోబెట్టాడు. అన్నయ్య పోయినా వదిన మిగిలింది, పోను పోను అదే ఆవిడ పేరైపోయింది.

వదిన పని మడతలు పెట్టడం. అదేం పనండీ అని తీసిపారేయకండి. పెద్ద కాయితం మీద పేజీలు కొన్ని నిటారుగా, కొన్ని తలకిందులుగా, ఒకదానికొకటి పొంతన లేకుండా అచ్చయి వస్తాయి. కొత్తవాళ్ళు చూస్తే అచ్చువేసినవాడికి మతి పోయిందనుకుంటారు. దాన్ని సగానికి, మళ్ళీ సగానికి, ఇంకోసారి సగానికి మడిస్తే పదహారు పేజీలూ బుద్ధిమంతుల్లా ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడతాయి. నున్నగా అరిగిన ఎముక బద్ద ఒకటి ఆవిడ చేతిలో ఎప్పుడూ ఉంటుంది. మడత మీద దాన్ని ఒక్కసారి సర్రున లాగితే కాయితం ఇక కిక్కురుమనదు. ఆ బద్దని ఎక్కడా వదలదు, సాయంత్రం ఇంటికి కూడా సంచీలో వేసుకునే పోతుంది.

ఈ మడతల పిచ్చి ఆవిడకి భర్త అంటించిందే. పెళ్ళయిన కొత్తలో ఆయన బడిపిల్లల లెక్కల పుస్తకం ఒకటి దిద్దుతూ, ఆవిడ చేతికి ఒక కాయితం ఇచ్చి, సగానికి మడుస్తూ పో, ఎన్నిసార్లు మడుస్తావో చూద్దాం అన్నాడు. అదెంత భాగ్యం, పదిసార్లయినా మడుస్తానంది. ఐదు దాకా హాయిగా సాగింది. ఆరోది మొండికేసింది. ఏడోదానికి మొహం కందగడ్డలా ఎర్రబడింది. ఎనిమిదోది పళ్ళతో కొరికినా లొంగలేదు. ఆయన నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, అప్పుడు చెప్పాడు అసలు సంగతి. ఒక్కో మడతకీ పొరలు రెట్టింపు. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, అలా ఏడో మడతకి నూట ఇరవై ఎనిమిది. అంటే చేతిలో ఉన్నది కాయితం కాదు, ఒక చిన్న పుస్తకం. దాన్ని అడ్డంగా మడవమంటే ఎవడు మడుస్తాడు? అదే మనకి లొంగి నలభైపైన ఇంకో రెండు మడతలు పడితే దాని ఎత్తు చంద్రుణ్ణి కూడా దాటిపోతుందట. ఏడు దాటదు, ఎవరి తరమూ కాదు అని తేల్చేశాడాయన. ఆ ఏడు మడతల కాయితం ముద్ద ఇప్పటికీ ఆవిడ గాజుల డబ్బాలో ఉంది. గాజులు పోయాయి గానీ అది పోలేదు.

ఆయన పోయాక ఆ ఇంట్లో ఇద్దరే మిగిలారు, వదినా, అత్తగారూ. వరస ఇళ్ళ మేడ, పై అంతస్తు, ముందు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే పొడుగు వరండా. ఆ కొసన కుర్చీ వేసుకుని అత్తయ్య కూర్చుంటుంది. మోకాళ్ళు ఆవిడ మాట వినబోమని చెప్పేసి చాలా కాలమైంది, నోరు మాత్రం చెప్పినట్టల్లా వింటుంది. మీరేం చెప్పినా అందులో ఒక మడతపేచీ పెట్టందే ఆవిడకి తోచదు. టీ వేడిగా ఉందంటే గ్లాసు మందంగా ఉందంటుంది. కిటికీ తీస్తే దుమ్ము, వేస్తే ఉక్క. కన్నకొడుకే ఆవిడకి మడతపేచీ అని పేరు పెట్టి ఏడిపించేవాడు. అత్తాకోడళ్ళకి రోజుకో తగువు లేకపోతే తిన్నది అరగదు. అలాగని ఒకరు వచ్చేదాకా రెండోవాళ్ళు అన్నం ముందు కూర్చోరు. ఇదేం సంబంధమో వాళ్ళకే తెలియాలి.

ఇలా రోజులు పోతుంటే ప్రెస్సులోకి రీలు మనిషి వచ్చాడు. పెద్ద పెద్ద కాయితం రీళ్ళు లారీలోంచి దింపించి, దొర్లించి, మిషనుకెక్కించి, కావలసిన కొలతకి కోసివ్వడం అతని పని. నలభై దాటాయి, పెళ్ళి ఊసు లేదు, వెనకా ముందూ ఎవరూ లేరు. మాట కూడా రీలు లాగే, మెల్లగా విప్పుతాడు. అతనిలో అందరికీ వింతగా తోచిన సంగతి ఒక్కటే. ప్రెస్సు మొత్తం వదినా అంటుంటే అతనొక్కడు ఆ మాట అనడు. పని పడితే వచ్చి బల్ల ముందు నిలబడి "ఏవండీ" అంటాడు.

ఇక బైండింగులో ఆడవాళ్ళు ఊరుకుంటారా! ఏవండీ అని పెళ్ళాం మొగుణ్ణి పిలుస్తుంది గానీ ఇదెక్కడి చోద్యమమ్మా అని పడీ పడీ నవ్వారు. వదిన కూడా నవ్వింది, కానీ లోపల ఎక్కడో కలుక్కుమంది. ఆవిడ ఆ మాటతో పిలిచింది ప్రపంచంలో ఒక్కణ్ణే. ఆయన పోయినప్పటి నుంచీ ఎవర్నీ అలా పిలవలేదు, నోట్లోంచి పొరపాటున కూడా రానివ్వలేదు. ఒకరోజు ఉండబట్టలేక, అందరూ వదిన అంటారు, మీకేం కష్టమని అడిగేసింది.

"ఒకసారి వదిన అనేస్తే ఇక ఆ వరసే ఖాయమైపోతుంది కదండీ," అన్నాడు రీలు మనిషి, చూపు నేల మీద పెట్టుకుని.

ఆ పూట వదిన మడిచిన కట్టంతా వంకర. విప్పి మళ్ళీ మడుచుకుంది.

ఉన్నమాట చెప్పుకోవాలి, వదినకి అతనంటే ఇష్టమే. అతను రీలు మీద చెయ్యి వేసి తడి ఉందో లేదో చూసే తీరూ, ఎవరితోనూ గొంతు పెంచని తీరూ ఆవిడకి నచ్చాయి. అతను రాని రోజున ప్రెస్సు బోసిగా ఉండేది. కానీ అత్తయ్య? వదిలేసి పోవడమన్న మాటే లేదు. పోనీ అతనే ఆ ఇంటికొస్తే అత్తయ్యకి ఏమవుతాడు? కోడలి మొగుడంటే కొడుకు. కొడుకు కాని కోడలి మొగుణ్ణి ఏమని పిలవాలో ఏ వరసలోనూ లేదు. పిలవడానికి మాటే లేని మనిషికి ఆ ముసలావిడ ఎదుట కుర్చీ ఎలా వేయడం? కొడుకు చోట్లో ఇంకొకణ్ణి చూస్తూ ఆవిడ ముద్ద ఎలా మింగుతుంది? రాత్రీ పగలూ ఇదే రంపపు కోత వదినకి.

అందుకే అతను ఒక మధ్యాహ్నం భోజనాల వేళ సూటిగా అడిగేసరికి, అవునననూ లేకపోయింది, కాదనడానికీ నోరు రాలేదు. బల్ల మీద పుస్తకాల అట్టలకి వాడే మందం కాయితం ముక్క ఉంటే తీసి అతని చేతిలో పెట్టింది.

"ఈ కాయితాన్ని ఎనిమిదిసార్లు సగానికి మడిచి చూపించండి. అప్పుడు మాట్లాడుకుందాం."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు గుట్టుచప్పుడు కాకుండా మొహాలు చూసుకున్నారు. మడతలు పెట్టేవాళ్ళందరికీ అది కాదని చెప్పడమేనని తెలుసు. రీలు మనిషికే తెలియలేదో, తెలిసీ తెలియనట్టున్నాడో గానీ, ముక్కని అటూ ఇటూ తిప్పి, ఇదే మందం అయితే చాలా, ఎంత పొడుగైనా పరవాలేదా అని అడిగాడు. మీ ఇష్టం అంది వదిన. అక్కడే బోల్తా పడింది.

అప్పట్నుంచి భోజనాల వేళ అతనిది ఇదే భాగోతం. మంచం దుప్పటంత కాయితం తెచ్చి అటొకసారి ఇటొకసారి మడిచాడు, ఆరు దగ్గరే మొరాయించింది. తర్వాత రీలు చివర మిగిలిన పొడుగాటి పట్టీ తీసుకుని ఒకే వైపుగా మడుచుకుంటూ పోయాడు, ఏడు పడ్డాయి. ఇంకొక్క మడతే కదా, మందం రెట్టింపవుతుంది కాబట్టి పొడుగు కూడా రెట్టింపు చేస్తే సరిపోతుందనుకుని రెండింతల పట్టీ కోశాడు. ఊహూ. పాపం, తిప్పలు పడీ పడీ చివరికి దాన్ని పట్టుకుని ఎవరి దగ్గరికి వచ్చాడనుకున్నారు? వదిన దగ్గరికే. ఎందుకు చాలట్లేదండీ అని అడిగాడు.

పనితనమున్నవాళ్ళకి ఇదొక జబ్బు, తప్పు మడత కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. వదిన ఆ ముద్దని పక్కకి తిప్పి అంచు చూపించింది. లోపలి పొర ఇట్టే తిరుగుతుంది, పై పొర మాత్రం వాటన్నిటినీ చుట్టుకుని తిరగాలి. కాయితమంతా ఆ మలుపులకే ఖర్చయిపోతోంది. ఇంకో మడత వేస్తే మలుపు తిరగాల్సిన పొరలు రెండింతలు, ఒక్కో పొర తిరగాల్సిన చుట్టూ రెండింతలు. రెండు రెళ్ళు నాలుగు. ఒక్క మడత ఎక్కువ పడాలంటే నాలుగింతల పొడుగు కావాలండీ అనేసింది. అనేశాక నాలిక కరుచుకుంది, కానీ అప్పటికే రీలు మనిషి మొహం వెలిగిపోయింది.

ఆ తర్వాత అతను కాయితం ముట్టుకోవడం మానేశాడు. వచ్చి పని చూసుకుని తల వంచుకుని పోయేవాడు. పోనీలే, గొడవ వదిలిందనుకోవాలి కదా వదిన? అనుకోలేకపోయింది. రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కునేది. అన్నం ఉడకలేదా, కడుపు ఉడుకుతోందా అని అత్తయ్య తన ధోరణిలో పేచీ పెట్టినా తగువుకి దిగకుండా గిన్నెలు సర్దేసేది.

ప్రెస్సుకి సెలవు రోజు. అత్తయ్య కళ్ళజోడు కాలు విరిగితే బాగుచేయించడానికి వదిన బజారుకెళ్ళింది. తిరిగొస్తూ మేడ మెట్లెక్కుతుంటే పైనుంచి తెలిసిన గొంతొకటి వినిపించింది.

"అత్తయ్యా, గట్టిగా పట్టుకోండి. నేను లాగినా వదలకూడదు."

ఆ ఇంట్లో అత్తయ్యా అని పిలిచేది తనొక్కతే. గబగబా పైకెళ్ళి చూస్తే, వరండా ఈ కొస నుంచి ఆ కొస దాకా జానెడు వెడల్పున అట్ట కాయితం పట్టీ పరిచి ఉంది. ఆ కొసన కుర్చీలో అత్తయ్య రెండు చేతులతో అంచు బిగించి పట్టుకుంది. ఈ కొసన రీలు మనిషి. వదినని చూసి అతను బిగుసుకుపోయాడు. అత్తయ్య మాత్రం కానివ్వమంది.

అతను తన అంచు పట్టుకుని వరండా అంతా నడిచి అత్తయ్య దగ్గరికొచ్చాడు. ఒకటి. మళ్ళీ వెనక్కొచ్చి మడత పట్టుకుని సగం వరండా నడిచాడు. రెండు. నడక కురచయ్యే కొద్దీ కాయితం బరువెక్కింది. ఆరో మడతకి ఇద్దరూ ఎదురెదురుగా మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరకొచ్చారు. ఏడోది అత్తయ్య ఒళ్ళోనే పడింది. ఈలోగా ముసలావిడ నోరు ఊరుకుంటుందా, జరిగిందంతా కోడలికి చెప్పేసింది. అతను వచ్చి, అంత పొడుగు కాయితం ఒక్కడివల్ల తిన్నగా మడత పడదు, ఆ చివర పట్టుకోవడానికి మనిషి కావాలి అన్నాడట. ఎందుకు మడవడం అంటే దాచకుండా చెప్పాడట. తను ఇక్కడికే వచ్చి ఉంటానని కూడా చెప్పాడట.

"ఇంతకీ నువ్వు నాకేమవుతావయ్యా అని అడిగా," అంది అత్తయ్య. "నీళ్ళు నమిలాడు. కొడుకువి మాత్రం కావు, వాడి చోటు వాడిదేనని చెప్పా. ఇది నాకు కోడలైతేగా పేచీ? ఇన్నేళ్ళు నాకు అన్నం పెట్టింది కూతురే. కూతురి మొగుడు అల్లుడు. అత్తయ్యా అని పిలిస్తేనే పట్టుకుంటా, లేదంటే ఆ చివర నువ్వే పట్టుకో అన్నా."

వదిన కళ్ళు నిండిపోయాయి. చిన్నపిల్లలా ఒక్క మాట మాత్రం అంది.

"మీ అబ్బాయి ఏడు దాటదన్నారు అత్తయ్యా."

ముసలావిడ కాసేపు ఒళ్ళో ఉన్న కాయితాన్ని నిమిరింది.

"వాడు అబద్ధం చెప్పలేదే తల్లీ. వాడికి దొరికిన కాయితమే పొట్టిది."

రీలు మనిషి ఆ దిమ్మని నేల మీద పెట్టి ఎనిమిదో మడత తిప్పాడు. తిరిగింది. చెయ్యి తియ్యగానే మళ్ళీ విచ్చుకుంది. రెండు చేతులూ ఆన్చి బలమంతా పెట్టాడు. ఊపిరి పీల్చుకోవడానికి వదిలాడో లేదో మళ్ళీ లేచింది. చెమట తుడుచుకుని తలెత్తి వదిన వైపు చూశాడు. సాయం చెయ్యమని అడగలేదు. అది ఆవిడే తేల్చుకోవాల్సిందని అతనికీ తెలుసు, అత్తయ్యకీ తెలుసు. ఆవిడ ఊరికే నిలబడితే చాలు, ఆవిడ బదులు కాయితమే కాదని చెప్పేస్తుంది.

వదిన సంచీలో చెయ్యి పెట్టి ముందు కళ్ళజోడు తీసి అత్తయ్యకిచ్చింది. తర్వాత ఎముక బద్ద తీసింది. కొంగు దోపుకుని కాయితం ముందు కూర్చుంది.

"ఏవండీ, బలంతో కాదు. మీరు ఆ పక్కన పట్టుకోండి చాలు," అంది.

రీలు మనిషి జరిగి ఆ పక్కన పట్టుకున్నాడు. అత్తయ్య కళ్ళజోడు తొడుక్కుంటూ, సరిగ్గా వినపడనట్టు తల వంచింది.

"ఎవర్నే పిలుస్తున్నావు?"

"మీ అల్లుణ్ణే," అని, వదిన మడత మీద బద్ద ఆన్చి, ఒళ్ళంతా వంచి, ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగింది.