మందపాటి తలుపు వెనక స్తోత్రం

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. చనిపోయినవాళ్లు తీర్పు దినం వరకు నిద్రిస్తారని సండే స్కూల్లో నేర్చుకున్నాను, ఇప్పటికీ అదే విశ్వాసం. దేవదూతలున్నారు. కానీ ప్రతి వింతకూ వాళ్ల పేరు పెట్టడం నాకు నచ్చదు. అందుకే ఈ సంగతి సంఘంలో సాక్ష్యంగా చెప్పలేదు.

అవి 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని ప్రోగ్రాములు సరిచేసిన వైటూకే పనుల రోజులు. సింగపూర్‌లో రాఫెల్స్ ప్లేస్‌లోని ఒక బ్యాంకులో ఆ పని చేస్తూ, పాసిర్ రిస్‌లో అక్కాబావల ఫ్లాట్‌లో ఉండేవాణ్ణి. అక్కకు రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయిపోయి, రేడియేషన్ మొదలైంది.

ఆ యంత్రం పేరు లీనియర్ యాక్సిలరేటర్. ఎలక్ట్రాన్లను విపరీతమైన వేగంతో లోహానికి తాకిస్తే పుట్టే ఎక్స్ కిరణాలతో వ్యాధి కణాలను చంపుతారు. ఆ సమయంలో గదిలో రోగి తప్ప ఎవరూ ఉండకూడదు. ఆఖరున బయటికి వచ్చేవాళ్లు గదంతా చూసి, లోపలి గోడ మీది బటన్ నొక్కి వస్తేనే యంత్రం నడుస్తుంది.

అక్క భయం ఆ ఒంటరితనమే. తలుపు మూసుకోగానే లేచి కూర్చునేది. కదలకుండా ఉండలేకపోతే ఈ వైద్యం కుదరదని డాక్టర్ చెప్పేశారు.

"సమాధిలో పెట్టినట్టుందిరా," అంది అక్క ఆ ఉదయం.

"ప్రార్థన చేసుకో అక్కా. సంఘంలో అన్నట్టే, నువ్వు ఆగినచోటల్లా బయట నేను స్తోత్రం అంటుంటాను."

"నాకు వినపడాలిగా!"

"దేవుడికి వినపడితే చాలదా?"

"ఆయనకి భయం లేదురా, నాకుంది."

ఆసుపత్రిలో మెషీన్ నడిపే చైనీస్ ఆంటీ జాలిపడి నన్ను తన పక్కన కూర్చోనిచ్చింది. నోరు మాత్రం తెరవద్దంది. నేను తెరవలేదు.

తలుపు మూసుకుంది. టీవీ తెర మీద అక్క కదలకుండా పడుకుని ఉంది. స్పీకర్లో ఆమె ప్రార్థన సన్నగా వినిపిస్తోంది. ఆమె ఆగిన ప్రతిచోటా ఒక మగ గొంతు "స్తోత్రం" అంటోంది.

ఆంటీ వెంటనే కిరణం ఆపేసింది. "లోపల ఎవరో మగమనిషి ఉన్నాడు, లా!" అంది సింగపూర్ యాసలో.

పరుగెత్తి వెళ్లి మూలమూలలా వెతికింది. ఎవరూ లేరు. మళ్లీ బటన్ నొక్కి వచ్చి మొదలుపెట్టింది. ఈసారి అక్క గొంతు ఒక్కటే వినిపించింది. లోపలికి మాట్లాడే మైకు మీట ఆంటీ నొక్కనే లేదు. తర్వాత ఇంజనీరు వచ్చి చూసి, స్పీకర్లో లోపమేమీ లేదన్నాడు.

బయటికొచ్చాక అక్క నవ్వింది. "మధ్యలో ఎందుకు ఆపార్రా? బాగానే అన్నావుగా. పక్కనే నిలబడ్డట్టుంది."

నేను అనలేదని చెబితే మర్నాడు ఆమె ఆ బల్ల ఎక్కదు. అందుకే ఊరుకున్నాను. అక్క మిగతా రోజులన్నీ కదలకుండా పడుకుంది. ఇప్పుడు బాగుంది.

ఆంటీకి చెప్పనిది ఒకటుంది. స్పీకర్లో విన్న ఆ గొంతు నాదే. అదెలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. సంఘంలో ఎవరైనా ప్రార్థిస్తుంటే, స్తోత్రం అనే ముందు క్షణం ఆగుతాను. నాకంటే ముందే వినపడుతుందేమోనని.